చిన్నాకు, చెట్టు నాటకముందే

చిన్నా,

ఇండియానాపోలిస్ పక్కన ఫిషర్స్‌లో మీ కొత్త ఇంటి ముందు హనీలోకస్ట్ చెట్టు వేయిస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఇన్నేళ్ళూ తులసి కుండీ పెట్టుకోవడానికి కూడా చోటులేని అపార్ట్‌మెంట్లలో గడిపావు. ఇప్పుడు నీ నేల, నీ చెట్టు. ఆ సంతోషం వెనకాలే టెన్షన్ కూడా మొదలైంది నాన్నా. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా, సరే" అంటావు, పెట్టేశాక సగం మర్చిపోతావు. అందుకే రాస్తున్నాను. స్వాతిని కూడా చదవమను. నీకన్నా తనే శ్రద్ధగా చదువుతుంది.

చెట్టు మటుకు మంచిదే ఎంచుకున్నావు. ఇండియానా, ఇల్లినాయ్ నేలల్లో పుట్టి పెరిగిన జాతి అది. బంకమట్టిని ఓర్చుకుంటుంది, చలికాలంలో రోడ్డు మీద చల్లే ఉప్పునీ ఓర్చుకుంటుంది. ఆకులు చింతాకంత చిన్నవి, కాబట్టి కింద నీడ పడుతుంది గానీ చీకటి పడదు, గడ్డి చావదు. అక్టోబరులో పసుపుపచ్చగా మారి రాలినా ఆ చిన్న ఆకులు గడ్డిలో కలిసిపోతాయి, ఈనెలు మాత్రం కాస్త ఊడ్చుకోవాలి. ఒక్క విషయం ముందే చెబుతున్నా. ఏప్రిల్లో పక్కింటి మేపుల్ పచ్చబడ్డా ఇది మోడులాగే ఉంటుంది. చచ్చిపోయిందని కంగారుపడి నర్సరీకి ఫోన్ చేయకు. మే నెల రానివ్వు.

నర్సరీలో "ముల్లు లేని రకమేనా?" అని అడిగి, చీటీ మీద పేరు నీ కళ్ళతో చూసుకో. అడవి హనీలోకస్ట్‌ని నువ్వు చూశావో లేదో. ఇక్కడ ఫాక్స్ నది ఒడ్డున నడిచే దారిలో ఒకటుంది. కాండం నిండా గుత్తులు గుత్తులుగా ముళ్ళు, ఒక్కోటి అరచెయ్యి దాటే పొడవు, వాటికి మళ్ళీ పక్కకొమ్మలు. ఆ చెట్టు పక్కనుంచి వెళ్ళేటప్పుడు ఇప్పటికీ నేను దారికి అటు చివరికి జరుగుతాను. ఒంగోలు దగ్గర మా పొలం గట్టుకి తుమ్మకంప వేసేవాళ్ళు. మీ అమ్మ చిన్నప్పుడు పరిగెత్తుతుంటే కాల్లో ముల్లు దిగి లోపలే విరిగింది. మా నాయనమ్మ పిన్నీసు దీపం మీద కాల్చి దాన్ని తీసింది. మీ అమ్మ కాలు కదపకుండా గట్టిగా పట్టుకున్నది నేను. అది వేలెడు ముల్లు. అందుకే మీ బుజ్జిది ఆ చెట్టు కింద చెప్పుల్లేకుండా తిరుగుతుందని తలుచుకుంటేనే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

నర్సరీలో అమ్మేవి ఇప్పుడు దాదాపు అన్నీ ముల్లు లేనివే, నిజమే. 1949లో ఒహాయోలోని డేటన్ నర్సరీ ఒకటి మొరైన్ అనే రకానికి పేటెంట్ తీసుకుంది. నీడనిచ్చే చెట్లలో పేటెంట్ దక్కిన మొదటి రకం అదే. తర్వాత షేడ్‌మాస్టర్, స్కైలైన్, సన్‌బర్స్ట్, ఇంపీరియల్ వచ్చాయి. వీటికి కాయలు కూడా దాదాపు రావు. సన్‌బర్స్ట్ చిగురు బంగారు రంగులో ఉంటుంది, స్వాతికి అదే నచ్చుతుందని నాకు తెలుసు, కానీ గూడు కట్టే పురుగుకి కూడా అదే ఎక్కువ ఇష్టం. నన్నడిగితే స్కైలైన్ తీసుకో. నలభై అయిదు అడుగులదాకా లేస్తుంది, ముప్ఫై అయిదు అడుగులు పరుచుకుంటుంది. అయితే ఒక మెలిక ఉంది. ఈ రకాలని గింజ నుంచి మొలిచిన మొక్క మొదలు మీద అంటుకడతారు. ఆ మొదలు ముళ్ళ జాతిది కావచ్చు. అంటు కిందనుంచి గానీ, వేరు నుంచి గానీ పిలక లేస్తే దానికి ముళ్ళుంటాయి. ఏడాదికి రెండుసార్లు మొదలు చుట్టూ చూసి, కనిపించిన పిలకని లేతగా ఉండగానే మొదలంటా తీసెయ్యి. ఇది మర్చిపోతే మాత్రం నేను ఊరుకోను.

చెట్టు కొనేముందు సాయంత్రం మీ వీధి ఈ చివరనుంచి ఆ చివరకి నడిచి హనీలోకస్ట్‌లు ఎన్నున్నాయో చూడు. వీధంతా అవే ఉంటే నువ్వు ఇంకో జాతి చూసుకో. ఒకప్పుడు ఈ దేశంలో వీధులనిండా ఎల్మ్ చెట్లే ఉండేవట, తెగులొచ్చి పోయాయి. వాటి బదులు యాష్, హనీలోకస్ట్ నాటారు. 2002లో డెట్రాయిట్ దగ్గర యాష్‌ని తొలిచే పచ్చపురుగు కనబడింది, కొన్నేళ్ళకి మా వీధికీ వచ్చింది. ఎండాకాలం నీడలో నడిచే వీధి బోడిగా అయిపోయింది. అంతా ఒకే జాతి ఉంటే అంతా ఒకేసారి పోతుంది.

తవ్వకముందు 811కి ఫోన్ చేసి గ్యాస్, కరెంటు లైన్లకి గుర్తులు పెట్టించుకో. హెచ్ఓఏ, అదే మీ కాలనీ ఇళ్ళవాళ్ళ సంఘం, వాళ్ళ అనుమతి కాగితం మీద తీసుకో. ఇంటి గోడకి కనీసం ఇరవై అడుగులు వదులు, డ్రైవ్‌వేకీ ఫుట్‌పాత్‌కీ కూడా దూరంగా ఉంచు, దీని వేర్లు పైపైనే పాకి సిమెంటుని లేపుతాయి. రోజుకి ఆరు గంటలైనా నేరుగా ఎండ పడాలి. ఇవి నీకు ఎవరైనా చెబుతారు.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదువు.

మేం షికాగో దగ్గర ఈ నేపర్‌విల్ ఇల్లు కొన్న కొత్తలో ముందు హనీలోకస్ట్ నాటడానికి ఒక ల్యాండ్‌స్కేపింగ్ వాళ్ళని పిలిచాం. ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి గొయ్యి తవ్వి, చెట్టు దింపి, మట్టి పూడ్చి, గంటలో వెళ్ళిపోయారు. కాండం నేలలోకి స్తంభం దిగినట్టు దిగింది. ఎంత నిటారుగా నిలబడిందో అని మీ పెదనాన్న మురిసిపోయారు. అలా నిటారుగా దిగకూడదని మాకెవరూ చెప్పలేదు. కాండం నేలని తాకేచోట వెడల్పై, అక్కడ్నించి వేర్లుగా విడిపోతూ పైకి కనబడాలి. ఇక్కడ దాన్ని రూట్ ఫ్లేర్ అంటారు. వాళ్ళు దాన్ని భూమిలో పూడ్చేశారు. పైగా ఏటా వసంతంలో లాన్ చూసేవాళ్ళు వచ్చి కాండం చుట్టూ మల్చ్, అంటే చెక్కపొట్టు, కుప్పగా పోసి ఇంకా ఎత్తు పెంచేవారు.

చెట్టు బాగానే పెరిగింది నాన్నా, అదే బాధ. మీ అన్నయ్య గ్రాడ్యుయేషన్ ఫోటోలు దాని కిందే తీశాం. మీ పెదనాన్న పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని అక్కడే కుర్చీ వేసుకునేవారు. తర్వాత ఒక ఆగస్టులో రోడ్డువైపు కొమ్మలు మాత్రమే ముందుగా పసుపెక్కాయి. నీళ్ళు చాలలేదన్నారు, పోశాం. మరుసటేడు ఎరువు వెయ్యమన్నారు, వేశాం. ఆపై ఏడాది ఆవైపు ఒక పెద్ద కొమ్మ ఎండిపోయింది. అప్పుడు ఒక ఆర్బరిస్టు, అంటే చెట్ల వైద్యుడు, వచ్చాడు. ఆకులవైపు తలెత్తనే లేదు. వచ్చీరాగానే మోకాళ్ళ మీద కూర్చుని మొదలు చుట్టూ చేత్తో తడిమాడు. గాలి యంత్రంతో మట్టిని ఊదేశాడు. జానెడు లోతున బయటపడింది రూట్ ఫ్లేర్. దాని మీద నారింజరంగు నైలాన్ తాడు, నర్సరీలో వేర్లగడ్డకి, అంటే వేర్లూ మట్టీ కలిసిన ముద్దకి, కట్టిన తాడు, ఎవరూ కొయ్యకుండా అలాగే పాతేసింది, బెరడులోకి దిగిపోయి ఉంది. అన్నేళ్ళు మట్టిలో ఉన్నా రంగు కూడా పోలేదు. దాని పక్కనే నా మణికట్టంత లావు వేరు ఒకటి బయటికి పోకుండా కాండం చుట్టూ తిరిగి దాన్నే నొక్కేస్తోంది. ఆ వేరు ఉన్నది సరిగ్గా రోడ్డువైపే.

మొదటి కొన్నేళ్ళలో చూసి ఉంటే ఆ తాడూ ఆ వేరూ కోసేసి కాపాడేవాడినన్నాడు. ఇప్పుడు సగానికి పైగా బిగుసుకుపోయింది, గాలివానకి మొదలు దగ్గరే విరిగే ప్రమాదముంది, పైగా ఇంటివైపు ఒరిగి ఉంది, కొట్టించడమే మంచిదన్నాడు. కొట్టిన రోజు మీ పెదనాన్న గరాజ్‌లోకి వెళ్ళి కొమ్మలు నలగ్గొట్టే మిషన్ మోత ఆగేదాకా బయటికి రాలేదు. వచ్చాక ఎవర్నీ సాయం రానివ్వకుండా రంపపు పొట్టంతా తనే ఊడ్చారు. ఇప్పుడు కాఫీ వంటింట్లోనే తాగుతారు.

అందుకే నీతో ఇంత గట్టిగా చెబుతున్నా. చెట్టు రాగానే గొయ్యి దగ్గరికి తీసుకుపోనివ్వకు. వేర్లగడ్డ పైన మట్టిని చేత్తో తియ్యి, కాండం వెడల్పయ్యే చోటు కనబడేదాకా తియ్యి. నర్సరీ నుంచి వచ్చేటప్పుడే అది గోనెలో పూడిపోయి వస్తుంటుంది. అక్కడినుంచి గడ్డ అడుగుదాకా ఎంత ఎత్తుందో కొలిచి, గొయ్యి అంతే లోతు తవ్వించు. మీ దగ్గర బంకమట్టి కాబట్టి అంగుళం, రెండంగుళాలు పైకే ఉన్నా మంచిదే. వెడల్పు మాత్రం గడ్డకి రెండు మూడింతలు ఉండాలి. గోతిలో సరిగ్గా నిలబెట్టాక తాళ్ళన్నీ కొయ్యి, గోనె, ఇనుప వల పైభాగమంతా తీసెయ్యి. గుండ్రంగా తిరిగిన వేర్లుంటే అప్పుడే కోసెయ్యి. తీసిన మట్టితోనే పూడ్చు. పనివాళ్ళు తొందరపెడతారు. "ఎప్పుడూ ఇలాగే చేస్తాం" అంటారు. నువ్వు మొహమాటపడే మనిషివి, నాకు తెలుసు, హోటల్లో తప్పు ఐటమ్ తెచ్చినా తినేస్తావు. ఈ ఒక్కరోజు మొహమాటపడకు. డబ్బిస్తున్నది నువ్వు, రేపు దాని కింద ఆడుకునేది నీ కూతురు.

మిగతావి తేలిక. మల్చ్ రెండు మూడంగుళాల మందం చాలు, కాండానికి తగలకుండా చుట్టూ చోటు వదులు. మొదటి రెండేళ్ళు వాన లేని వారాల్లో నీళ్ళు పెట్టు, కాండం రెండంగుళాల లావుంటే వారానికి ఇరవై గ్యాలన్లు, పైపు సన్నగా వదిలి మెల్లగా ఇంకనివ్వు. ఊతకర్రలు కడితే ఏడాదికి విప్పెయ్యి. చిన్నచెట్టు బెరడు పల్చన, నవంబరులో తెల్లటి చుట్టు చుట్టి మార్చి ఆఖర్లో తీసెయ్యి. గడ్డి కోసే యంత్రం తీగ కాండానికి తగలనివ్వకు. గాయమైన చోటే క్యాంకర్ అనే బెరడు తెగులు పట్టుకుంటుంది, దానికి మందు లేదు. కొమ్మలు కత్తిరించాలంటే చలికాలం చివర్లో, పొడిగా ఉన్న రోజు చూసుకుని కత్తిరించు. తడిలో ఎప్పుడూ వద్దు.

పురుగులు వస్తాయి. మే నెలలో చిన్న పచ్చపురుగులు చేరి లేతాకు ముడుచుకుంటుంది. జూలై ఎండలకి ఆకు రాగిరంగుకి తిరిగితే అది నల్లి, మన మిర్చి తోటల్లో పట్టే నల్లి లాంటిదే. ఆగస్టులో గూళ్ళు కట్టే పురుగు కొమ్మ చివర్లని గోధుమరంగు చేస్తుంది. చూసి బెంబేలెత్తిపోయి నెట్లో మందు ఆర్డర్ చేయకు. బాగా నీళ్ళు అందిన చెట్టు వీటిలో చాలావాటిని తట్టుకుంటుంది. ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు వెయ్యమని ఎవరైనా చెబితే అసలు వద్దు, దానివల్ల నల్లి ఇంకా పెరుగుతుంది, పూల మీదికొచ్చే తేనెటీగలకీ ముప్పు.

చెట్టు ఏ రోజు దింపుతారో ముందే చెప్పు. పెదనాన్న కూడా వస్తానంటున్నారు, ఇండియానాపోలిస్ మూడున్నర గంటలే కదా. మేం రాలేకపోతే మాత్రం మట్టి పూడ్చకముందు మొదలు ఫోటో తీసి నాకు పంపు. నేను చూసి సరే అన్నాకే పూడ్చమను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ