1970 షెవర్లే సీ10 పికప్‌ను ఇంటి గ్యారేజీలో బాగుచేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న అడిగినవారిది డాలస్ దగ్గర ఇల్లు, రెండు కార్ల గ్యారేజీ. కొత్తగా కొన్న బండి 1970 షెవర్లే సీ10, పొడుగు తొట్టి, ఆరు సిలిండర్ల ఇంజను. ఆ ఇంజను తీసేసి 350 వీ8 (350 ఘనపు అంగుళాల ఎనిమిది సిలిండర్ల ఇంజను) ఎక్కించి, రంగు కొట్టించేస్తే ఒక్క చలికాలంలో పని అయిపోతుందా అని అడుగుతున్నారు.

అవ్వదు. అసలు ఇంజను జోలికి ఇప్పుడే వెళ్లకండి. పానా పక్కన పెట్టి, ఒక మొండి స్క్రూడ్రైవరూ టార్చిలైటూ తీసుకుని బండి కిందికి దూరండి. ఈ బళ్లలో ఇంజను చాలా చిన్న సమస్య. ఇప్పుడున్న ఆరు సిలిండర్ల 250 సిక్స్ కానీ 350 కానీ, వాటి రింగులూ బేరింగులూ గాస్కెట్లూ అమెరికాలో ఏ మూలనున్న పార్ట్స్ షాపులోనైనా ఈరోజుకీ దొరుకుతాయి. దొరకనిది తిన్నగా ఉన్న క్యాబిన్.

1967 నుంచి 1972 దాకా వచ్చిన ఈ తరం బళ్లన్నిటికీ తుప్పు ఒకే దారిన వస్తుంది. అద్దం ముందు, వైపర్ల దగ్గర గాలి లోపలికి వెళ్లే జాలీ ఉంటుంది. యాభై ఏళ్ల ఆకులూ మట్టీ అందులోంచి జారి, డ్రైవరు ఎడమ పాదం పక్కనుండే పెట్టెలో పేరుకుంటాయి. వాన పడ్డప్పుడల్లా ఆ చెత్త నీళ్లు పీల్చుకుని వారాల తరబడి తడిగా ఉంటుంది. అక్కడి నుంచి తలుపు మడతబందులు బిగించిన స్తంభం అడుగు, దాని కింద రాకర్, అంటే తలుపు కింద గడపలా ఉండే రేకు పెట్టె, ఆ తర్వాత నేల రేకు, చివరికి క్యాబిన్ వెనక కింది మూలలు, ఈ వరసలో తింటూ పోతుంది. స్క్రూడ్రైవరు మొనతో గడప అడుగున గట్టిగా పొడవండి. టంగుమంటే అదృష్టవంతులు. బుసుక్కున దిగితే మీ చలికాలం అంతా అక్కడే గడుస్తుంది.

అయస్కాంతం కూడా తిప్పండి. అంటుకోని చోట రేకు లేదు, లప్పం ఉంది. అంటుకున్నంత మాత్రాన నమ్మకండి. ఇక్కడ నాకు ఒళ్లు మండే విషయం ఒకటుంది. తుప్పు పట్టిన పాత గడప మీద కొత్త రేకు తొడుగులా తగిలించి, నాలుగు చోట్ల వెల్డింగు కొట్టి, నల్ల రంగు పూసి 'రాకర్లు కొత్తవి' అని ప్రకటన ఇస్తారు. పైన పటారం లోన లొటారం. తొడుగుకీ పాత రేకుకీ మధ్య నీళ్లు నిలిచి, ఇంకా మిగిలున్న లోపలి గడపను కూడా తినేస్తాయి. కింద పించ్ వెల్డు అంచును, అంటే రేకుల అంచులు కలిపి నొక్కి వెల్డు చేసిన చోటును వేళ్లతో తడమండి. రెండు రేకుల మందం ఉండాల్సిన చోట మూడో నాలుగో తగిలితే అది తొడుగే.

ఇప్పుడు గడప మార్చే పని. ఇంట్లో చేసుకునేవాళ్లు బండిని పాడుచేసుకునేది ఎక్కువగా ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

ముందు తలుపు సంగతి. సగం తెరిచి చివర పట్టుకుని పైకి ఎత్తండి. పైకీ కిందికీ ఆడితే మడతబందుల పిన్నులు అరిగాయని అర్థం. కొత్త పిన్నులూ బుషింగులూ వేశాకే కోత మొదలుపెట్టాలి. లేకపోతే జారిపోయిన తలుపుకి సరిపడేలా గడప అతుకుతారు, ఆ తర్వాత ఎప్పుడో పిన్నులు మారిస్తే తలుపు పైకి లేచి ఏదీ కుదరదు.

తర్వాత పెట్రోలు ట్యాంకు. ఈ బళ్లలో సుమారు 20 గ్యాలన్ల ట్యాంకు సీటు వెనకే, క్యాబిన్ లోపలే ఉంటుంది. దాన్ని ఖాళీ చేసి అక్కడే వదిలేయడం నిండు ట్యాంకును వదిలేయడం కన్నా ప్రమాదం, ఎందుకంటే అంటుకునేది ఆవిరి. విప్పి గ్యారేజీ బయట పెట్టండి. సీటూ మ్యాటూ నేల మీది గుడ్డలూ అన్నీ తీసేయాలి, బ్యాటరీ తీగ ఊడదీయాలి, మంటలార్పే సిలిండరు చేతికందేలా ఉండాలి. పని ఆపేశాక అరగంటైనా అక్కడే ఉండి పొగ వాసన వస్తోందేమో చూడండి.

బండి నాలుగు చక్రాల మీదే, అన్నిట్లో సమానంగా గాలి ఉండగా నిలబడాలి. ఫ్రేము కింద అడ్డదిడ్డంగా జాకీలు పెడితే ఫ్రేము మెలి తిరుగుతుంది, దానితో పాటు క్యాబినూ తిరుగుతుంది. గ్యారేజీ నేల బయటికి వాలుగా ఉండటం వల్ల ఇబ్బంది లేదు. ఫ్రేముకు అడ్డంగా మట్టపు బద్ద పెట్టి చూసి, ఎడమా కుడీ తేడా ఉంటే పల్లంగా ఉన్న వైపు చక్రాల కింద చెక్కలు వేయండి.

తలుపు సందుకు రెండు స్తంభాల మధ్య కొలతలు తీసుకోండి. పైన, మధ్యన, కింద, ఆపైన రెండు మూలకొలతలు, మొత్తం అయిదు. మాస్కింగ్ టేపు మీద రాసి అక్కడే అంటించండి. తర్వాత ఒక అంగుళం చదరపు గొట్టంతో ఒక అడ్డబద్ద, ఒక ఏటవాలు బద్ద వెల్డు చేయండి. అవి స్తంభాల లోపలి వైపు ఉండాలి, లేకపోతే తలుపు మూసి చూసుకోలేరు. ఈ బద్దలు లేకుండా గడప కోస్తే క్యాబిన్ నడుము దిగుతుంది. అప్పుడు తలుపు పైన రాసుకుంటుంది, కింద వేలు దూరేంత సందు వస్తుంది. ఆ తప్పును మడతబందులు వంచి సరిచేద్దామనుకుంటే తలుపు కూడా పోతుంది.

పాత గడపను గ్రైండరుతో ఒకేసారి కోసి పారేయకండి. స్పాట్ వెల్డులు, అంటే ఫ్యాక్టరీలో రేకుల్ని చుక్కలుగా అతికిన చోట్లు వెతికి 5/16 అంగుళాల స్పాట్ వెల్డ్ కట్టరుతో పై రేకు వరకే తొలచాలి. ముందు బయటి గడప విప్పండి, లోపల ఏముందో చూశాక లోపలి దాని సంగతి. స్తంభం అడుగు కూడా పుచ్చి ఉంటే మొదట దాన్నే బాగుచేయాలి, తలుపు వేలాడేది దానికే. ఒకవైపు పూర్తయ్యేదాకా రెండో వైపు ముట్టుకోకూడదు.

కొత్త రేకు కేటలాగులో బొమ్మ చూసినంత బాగా కుదరదు. అంచుల్ని సుత్తితో సర్దుకోవడం మామూలే, పంపినవాడిని తిట్టుకుంటూ కూర్చోకండి. క్లాంపులూ సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూలూ పెట్టి నిలబెట్టి, తలుపు ఇరవైసార్లు వేసి తీసి చూడండి. సందు ముందు నుంచి వెనక దాకా ఒకేలా, సుమారు 3/16 అంగుళం ఉంటే చాలు. ఆ తర్వాతే వెల్డింగు.

మిగ్ యంత్రం, అంటే గ్యాసు రక్షణలో తీగను కరిగించి అతికే వెల్డింగు యంత్రం, 110 వోల్టులది సరిపోతుంది. 0.023 అంగుళాల తీగ, 75 శాతం ఆర్గాన్, 25 శాతం కార్బన్ డయాక్సైడ్ గ్యాసు. గ్యాసు ఖర్చు మిగులుతుందని గ్యాసు అక్కర్లేని ఫ్లక్స్ తీగ వాడితే ఈ పల్చటి రేకుకి చిల్లులు పడతాయి. కొత్త రేకు అంచున ఒకటిన్నర అంగుళానికొకటి చొప్పున 5/16 రంధ్రాలు పెట్టి, రెండు వైపులా లోహం మెరిసేదాకా రుద్ది, మధ్యలో వెల్డ్-త్రూ ప్రైమరు (వెల్డింగు వేడిని తట్టుకునే అడుగు రంగు) కొట్టండి. రంధ్రం నింపేటప్పుడు మంట కింది రేకు మధ్యలో మొదలై గుండ్రంగా బయటికి రావాలి. అంచు నుంచి మొదలుపెడితే పైన కుంకుమ బొట్టులా అందంగా కనిపిస్తుంది, కింది రేకుకి మాత్రం అంటుకోదు. అనుమానముంటే రెండు పాత ముక్కలకి వెల్డు కొట్టి ఉలితో విడదీయండి. కింది రేకు చిరిగి వెల్డుతో పాటు ఊడి వస్తే మీ చేయి కుదిరినట్టు.

క్యాబిన్ మూలల్లో రేకు అంచూ అంచూ కలిపేటప్పుడు వరసగా గీత లాగకండి. ఒక చుక్క, రెండు మూడు అంగుళాల అవతల ఇంకో చుక్క, చేయి పెట్టగలిగేంత చల్లారాక మళ్లీ. తొందరపడితే రేకు నిప్పుల మీద అప్పడంలా వంకర తిరుగుతుంది, ఆ వంకర్లు పూడ్చడానికి లప్పం డబ్బాలు ఖాళీ అవుతాయి. లప్పం మందం ఎక్కడా 1/8 అంగుళం దాటకూడదు. పని అయ్యాక గడప లోపలికి క్యావిటీ వ్యాక్స్, అంటే తుప్పు పట్టకుండా కాపాడే మైనం కొట్టండి. అడుగున నీళ్లు పోయే రంధ్రాలను మాత్రం సీలరుతో మూసేయకండి. అవి మూసుకుపోయినందుకే ఇంత పని పడింది.

బండి మొత్తం ముక్కలు చేసి ఫ్రేము విడిగా పెట్టే పని మీకు వద్దు. టీవీ కార్యక్రమాల్లో పది మంది పనివాళ్లు కెమెరా వెనకుండి చేసేది చూసి, ఇక్కడ ఒక్క మనిషి శనాదివారాల్లో చేద్దామనుకుంటాడు. 'అన్ని భాగాలూ ఉన్నాయి, డబ్బాల్లో' అని సగం ధరకి అమ్మకానికొచ్చే బళ్లు ఆ కథలే. ఒక మూల విప్పండి, బాగుచేయండి, బిగించండి. బోల్టుల్ని చోటు రాసిన జిప్ కవర్లలో వేసుకోండి.

ఇంజను గురించి అడిగారు కాబట్టి రెండు మాటలు. ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండరులో కొంచెం నూనె పోసి, క్రాంకు బోల్టుకి పానా పెట్టి చేత్తో తిప్పండి. తిరిగితే కంప్రెషన్ కొలవండి. అన్నిటికన్నా తక్కువది, ఎక్కువదానిలో 75 శాతానికి తగ్గకపోతే ఆ 250 సిక్స్‌ను అలాగే వాడుకోండి, చాలా మొండి ఇంజను. పాత పెట్రోలు పైపులన్నీ మార్చండి. ఇప్పటి పెట్రోల్లో 10 శాతం ఇథనాల్ ఉంటుంది, పాత రబ్బరు దానికి మెత్తబడి ముక్కలై కార్బొరేటరులోకి పోతుంది. క్యామ్ (వాల్వుల్ని తెరిచే కడ్డీ) కొత్తది వేస్తే మాత్రం జింక్ ఎక్కువున్న బ్రేక్-ఇన్ నూనె, అంటే కొత్త భాగాలు సర్దుకునేదాకా వాడే ఇంజను నూనె పోసి, స్టార్టవగానే 20 నుంచి 30 నిమిషాలు 2,000 ఆర్‌పీఎం పైన నడపాలి. ఐడిల్‌లో వదిలేస్తే లోబులు, అంటే క్యామ్ మీది ఉబ్బులు, అరిగిపోతాయి.

అన్నట్టు, మీ బండి వీఐఎన్ (ఫ్యాక్టరీ ఇచ్చిన గుర్తింపు సంఖ్య) 'సీఎస్140'తో మొదలైతే ఫ్యాక్టరీ నుంచి సిక్స్‌తోనే వచ్చింది. 'సీఈ140' అయితే వీ8. రేపు 350 పెట్టి 'ఒరిజినల్' అని అమ్మలేరు, చూసేవాడికి మొదటి రెండక్షరాలు చాలు.

బ్రేకులు మాత్రం వాయిదా వేయకండి. 1970లో నాలుగూ డ్రమ్ములే. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, గాలితో ఊదకుండా తడిపి తుడవండి. ముందు చక్రాలకి డిస్కులు కావాలంటే 1971-72 బండి భాగాలు సరిపోతాయి, కానీ వాటికి చక్రానికి అయిదు బోల్టులు, మీ వెనక చక్రాలకి ఆరు. ఒక్క స్టెప్నీ రెండిటికీ పనికిరాదు. ఆరు బోల్టుల డిస్కు కిట్లు అమ్ముతారు, అవి తీసుకోండి. బ్రేకు గొట్టాలకి కాపర్-నికెల్ పైపు వాడితే చేత్తోనే వంగుతుంది, అంచులు మాత్రం డబుల్ ఫ్లేర్ చేయాలి, అంటే విప్పార్చి లోపలికి రెండు పొరలుగా మడవాలి.

రంగు బయట వేయించుకోండి. ఇప్పటి టూ-కే రంగుల్లో, అంటే గట్టిపరిచే ద్రవం కలిపి కొట్టే రంగుల్లో, ఐసోసయనేట్లనే ఊపిరితిత్తులకు చేటు చేసే రసాయనాలు ఉంటాయి, మామూలు మాస్కు వాటిని నమ్మకంగా ఆపదు. బయటి గాలి గొట్టంతో వచ్చే మాస్కు కావాలి. పైగా టెక్సస్ ఇళ్లలో చాలాచోట్ల వాటర్ హీటరు గ్యారేజీలోనే ఉంటుంది, దానిలో ఎప్పుడూ వెలిగే చిన్న పైలట్ మంటా థిన్నరు ఆవిరీ ఒకే గదిలో ఉండకూడదు.

ఇక మీ కాలనీ హెచ్ఓఏ, అంటే ఇళ్ల యజమానుల సంఘం. నడవని బండి డ్రైవ్‌వేలో కనిపిస్తే నోటీసు పంపే కాలనీలు చాలా ఉన్నాయి. పక్కింటివాళ్ల బోటు మూడేళ్లుగా టార్పాలిన్ కింద పడున్నా ఎవరూ అడగరు, అది వేరే సంగతి. అందుకే ముందు బ్రేకులు, తర్వాత ఎడమ గడప, ఆ తర్వాత కుడి గడప. ప్రతి ఆదివారం సాయంత్రానికి బండి తన కాళ్ల మీద తాను గ్యారేజీలోకి వెళ్లగలిగేలా ఉంచండి.