బోరు మోటరు నలగదు, సబ్‌మెరైను ఎందుకు నలుగుతుంది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

పోయిన సంచికలో రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ జలాంతర్గామి ‘టైప్ 7-సి’ గురించి వేసిన వ్యాసానికి చాలా ఉత్తరాలొచ్చాయి. ఈసారి తిరుపతి, చిత్తూరు జిల్లాల వాటికి జవాబులు. ఆ వ్యాసం చూడనివారి కోసం కొలతలు మళ్లీ ఇస్తున్నాం. పొడవు 67 మీటర్లు, వెడల్పు 6.2 మీటర్లు. నీటి మీద ఉంటే 769 టన్నులు, మునిగితే 871. మనుషులు 44 నుంచి 52 మంది. ముందు నాలుగు, వెనక ఒకటి టార్పెడో గొట్టాలు, మొత్తం 14 టార్పెడోలు (నీటిలో దూసుకెళ్లి ఓడలను పేల్చే ఆయుధాలు). 1940–45 మధ్య ఈ ఒక్క రకాన్నే 550కి పైగా కట్టారు.

ప్రశ్న: మేము వెయ్యి అడుగుల బోర్లలో కూడా సబ్‌మెర్సిబుల్ మోటర్లు దింపుతాము. దాని తొక్కు పలచన, అయినా ఏళ్ల తరబడి నలగదు. 18 మిల్లీమీటర్ల ఉక్కున్న సబ్‌మెరైను 250 మీటర్లు దాటితే ప్రమాదమని రాశారు. ఇదెట్లా? – బోరు మోటరు మెకానిక్, పలమనేరు

జవాబు: మీ మోటరు లోపల గాలి లేదు. దింపే ముందు దాని నిండా మంచినీళ్లు పోసి, బుడగలన్నీ పోయాక మూత బిగిస్తారు కదా. అడుగున ఉండే రబ్బరు డయాఫ్రమ్ బయటి ఒత్తిడిని లోపలి నీళ్లకు అందిస్తుంది. లోపలా బయటా ఒకే ఒత్తిడి కాబట్టి తొక్కు మీద భారమే పడదు.

సబ్‌మెరైనులో మనుషులుండాలి. లోపల మామూలు గాలి ఒత్తిడే ఉంటుంది, తేడా మొత్తం ఉక్కే మోయాలి. లెక్క చూడండి. సముద్రపు నీటిలో 200 మీటర్ల దగ్గర చదరపు సెంటీమీటరుకు 20.5 కిలోలు, అంటే చదరపు మీటరు మీద 205 టన్నులు. టైప్ 7-సి లోపలి ఉక్కు గొట్టం వ్యాసం 4.7 మీటర్లు, మందం 18.5 మిల్లీమీటర్లు. ఒత్తిడిని వ్యాసార్ధంతో హెచ్చవేసి మందంతో భాగిస్తే రేకులో పడే బలం వస్తుంది: 20.5 × 235 ÷ 1.85, అంటే చదరపు మిల్లీమీటరుకు దాదాపు 26 కిలోలు. ఆ ఉక్కు తెగేది 52 దగ్గర. కానీ ఒకసారి వంగితే మళ్లీ పాత ఆకారానికి రాని స్థితి 36 దగ్గరే మొదలవుతుంది. ఆ 36 వచ్చేది సుమారు 280 మీటర్ల లోతులో. గొట్టం గుండ్రంగా ఉన్నంతసేపే ఈ లెక్క. ఎక్కడో ఒకచోట సొట్ట పడిందంటే భారం అంతా అక్కడికే చేరి ఒక్కసారిగా లోపలికి మడత పడుతుంది. అందుకే లోపల దగ్గర దగ్గరగా ఉక్కు కమ్మీలు గుండ్రంగా వంచి అతికారు. తర్వాత వచ్చిన 7-సి/41 రకానికి రేకు మందం 21 మిల్లీమీటర్లకు పెంచారు.

అసలు బలహీనత రేకులో కంటే రంధ్రాల్లోనే ఉంటుంది. ప్రొపెల్లర్ షాఫ్టు బయటికి పోయే చోటు, పొగ గొట్టం, మరుగుదొడ్డి పైపు, టార్పెడో గొట్టాల తలుపులు, మనుషులు దిగే మూతలు. షాఫ్టు దగ్గర నీళ్లు కారకుండా బిగించే గ్లాండు ప్యాకింగ్ మీ పంపులో ఉన్నట్టే ఉంటుంది. వదులైతే కారుతుంది, మరీ బిగిస్తే కాలుతుంది. లోతుకు పోయేకొద్దీ ఆ కారడం పెరుగుతుంది. అడుగున చేరిన నీళ్లు తోడాలంటే పంపు వెయ్యాలి. ఆ చప్పుడు పైనున్న శత్రువు ఓడకు వినిపిస్తుంది.

ప్రశ్న: కరకంబాడి వైపు బ్యాటరీల పని చేసేవాళ్లం. అందులో వాడింది కూడా లెడ్ యాసిడేనా? ఎన్ని సెల్లులు? సముద్రపు నీళ్లు పడితే విషవాయువు వస్తుందని ఎందుకంటారు? – రేణిగుంట నుంచి ముగ్గురు మిత్రులు

జవాబు: అవును, లెడ్ యాసిడే. 62 సెల్లుల బ్యాటరీలు రెండు, మొత్తం 124 సెల్లులు. ఒక్కోటి 2 వోల్టులు కాబట్టి ఒక బ్యాటరీకి 124 వోల్టులు. ఒకటి ముందువైపు ఆఫీసర్లు పడుకునే చోట నేల కింద, ఇంకొకటి వెనక వంటగది దగ్గర. పైకప్పుకీ సెల్లులకీ మధ్య మనిషి పడుకుని పాకేంత సందే ఉంటుంది. అందులో దూరి ఒక్కో సెల్లుకీ హైడ్రోమీటరు పెట్టి సాంద్రత చూడాలి, డిస్టిల్డ్ వాటర్ పోయాలి.

చార్జింగ్ చివరి దశలో హైడ్రోజన్ బాగా వస్తుందని మీకు చెప్పనక్కర్లేదు. గాలిలో అది 4 శాతం దాటితే ఒక్క నిప్పురవ్వ చాలు. కాబట్టి చార్జింగ్ జరుగుతున్నంతసేపూ ఫ్యాన్లు ఆ గాలిని బయటికి లాగుతూనే ఉండాలి.

ఇక ఉప్పునీళ్ల సంగతి. చార్జయిన పాజిటివ్ ప్లేటు మీద ఉండేది లెడ్ డయాక్సైడ్. ఆమ్లంలో ఉప్పు కలిస్తే అది క్లోరైడును క్లోరిన్‌గా మార్చేస్తుంది. పైగా కరెంటు పారుతుంటే విద్యుద్విశ్లేషణ వల్ల ఇంకా వస్తుంది. మూసిన గొట్టంలో 50 మంది ఉండగా అది చాలా తొందరగా ప్రాణం మీదికి తెస్తుంది. 1945 ఏప్రిల్ 14న స్కాట్లాండ్ దగ్గర యూ-1206 (‘యూ’ అంటే యూ-బోటు, జర్మన్ జలాంతర్గామి) పోయింది ఇలాగే. లోతులో కూడా వాడగలిగే కొత్తరకం మరుగుదొడ్డికి వాల్వులు వరస తప్పకుండా తిప్పాలి. ఆ వరస తప్పింది. సముద్రం లోపలికి చిమ్మి బ్యాటరీ మీద పడింది, క్లోరిన్ కమ్మింది. గాలి కోసం పైకి రాక తప్పలేదు. అక్కడ విమానం కనిపెట్టి దాడి చేసింది. చివరికి నౌకను వాళ్లే ముంచి బయటపడ్డారు.

నీటిలో బాంబులు దగ్గర్లో పేలితే ఇంకో కష్టం. సెల్లు పెట్టె పగిలి యాసిడ్ కారిపోతుంది. ఒక్క సెల్లు చచ్చినా వరస మొత్తం తెగుతుంది కదా. పాడైన దాన్ని వదిలేసి అటుపక్క, ఇటుపక్క సెల్లులను రాగి పట్టీతో కలపాలి. చీకట్లో, పడుకుని, చేతికి యాసిడ్ అంటుతుండగా చేసే పని అది.

ప్రశ్న: మునిగి వెళ్తే ఎంత దూరం పోగలదు? 30 సెకన్లలో మునగడం నిజమేనా? – ఇంజనీరింగ్ విద్యార్థిని, తిరుపతి

జవాబు: దూరం చెబితే ఆశ్చర్యపోతారు. పూర్తి చార్జితో, 4 నాట్ల వేగంతో 80 నాటికల్ మైళ్లు. అంటే సుమారు 148 కిలోమీటర్లు, దాదాపు తిరుపతి నుంచి చెన్నై దాకా, అదీ గంటకు ఏడున్నర కిలోమీటర్ల లెక్కన. తొందరగా పోవాలని 7.6 నాట్లకు పెంచితే బ్యాటరీ చాలా త్వరగా అయిపోతుంది. అదే నీటి మీద డీజిలుతో 10 నాట్ల చొప్పున 8,500 నాటికల్ మైళ్లు. కాబట్టి ఇది నీటి కింద తిరిగే ఓడ కాదు, అవసరమైనప్పుడు మునగగలిగే ఓడ. యుద్ధం మొదటి ఏళ్లలో చాలా దాడులు రాత్రిపూట నీటి మీదనుంచే చేశారు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతావన్నీ అర్థమవుతాయి.

షాఫ్టులు రెండు. ఒక్కోదాని మీద వరసగా డీజిలు, క్లచ్, ఎలక్ట్రిక్ మోటరు, మళ్లీ క్లచ్, ప్రొపెల్లర్. నీటి మీద డీజిలు తిప్పుతుంటే అదే మోటరు జనరేటరై బ్యాటరీ నింపుతుంది. మునిగితే డీజిలు క్లచ్ విడదీసి మోటరుతో నడుపుతారు.

ముప్పై సెకన్లు నిజమే, బాగా సాధన ఉన్నవాళ్లకు. గంట మోగగానే పైన కాపలా ఉన్నవాళ్లు నిచ్చెన పట్టుకుని జారుతూ దిగుతారు. చివరివాడు మూత చక్రం తిప్పి బిగిస్తాడు. ఈలోపే ఇంజను గదిలో డీజిళ్లు ఆపి, గాలి వాల్వు, పొగ వాల్వు మూసేస్తారు. అవి మూసినట్టు మాట వచ్చాక, నౌకను తేల్చే, ముంచే బ్యాలస్ట్ ట్యాంకుల పైమూతలు తెరుస్తారు. గాలి పైనుంచి పోతుంది, నీళ్లు కిందినుంచి నిండుతాయి. ముక్కువైపు ట్యాంకు ముందు, తోకవైపుది చివర్లో. అప్పుడే ముక్కు దిగుతుంది. పని లేని మనుషులంతా ముందుకు పరిగెత్తి తమ బరువు కూడా కలుపుతారు.

తప్పెక్కడ జరుగుతుందంటే, పొగ వాల్వు దగ్గర. మసి పేరుకుంటే అది సరిగ్గా కూర్చోదు. అందుకే దాన్ని తిప్పి తిప్పి రాపిడి చేస్తూ శుభ్రంగా ఉంచాలి. రెండోది, బరువు లెక్క. డీజిలు ఖర్చయ్యేకొద్దీ ట్యాంకులోకి అడుగునుంచి సముద్రపు నీళ్లే చేరతాయి. నీళ్లు నూనె కంటే బరువు, కాబట్టి ఇంధనం తగ్గేకొద్దీ నౌక తేలికవదు, బరువెక్కుతుంది! చీఫ్ ఇంజనీరు రోజూ లెక్కకట్టి వేరే ట్యాంకులోంచి అంత నీళ్లు తోడెయ్యాలి. టార్పెడో వదిలితే టన్నున్నర బరువు ఒక్కసారి పోతుంది, వెంటనే అంత నీళ్లు లోపలికి తీసుకోకపోతే ముక్కు పైకి లేస్తుంది.

1944 నుంచి స్నార్కెల్, అంటే నీటి పైకి ఉంచి గాలి పీల్చే గొట్టం వచ్చింది. దాంతో పైకి రాకుండానే డీజిలు నడిపి చార్జింగ్ చేసుకోవచ్చు. కానీ అల వచ్చి గొట్టం తల మునిగితే తేలుడు వాల్వు మూసుకుంటుంది. డీజిలు మాత్రం గాలి పీలుస్తూనే ఉంటుంది, ఉన్న గాలంతా గదుల్లోంచి లాగుతుంది. చెవులు పగిలిపోయేంత నొప్పి.

ప్రశ్న: యుద్ధం మొదట్లో జర్మన్ టార్పెడోలు గురి తప్పాయని చదివాను. అంత ఇంజనీరింగ్ ఉన్నవాళ్లకు కారణం ఎందుకు దొరకలేదు? – ఫిజిక్స్ లెక్చరర్, తిరుపతి

జవాబు: గురి తప్పలేదు, లోతు తప్పింది. 1940 ఏప్రిల్‌లో నార్వే దగ్గర యూ-47 లంగరు వేసి ఆగి ఉన్న ఓడల మీద ఎనిమిది టార్పెడోలు వదిలింది. ఒక్క ఓడా దెబ్బతినలేదు.

టార్పెడో తన లోతును ఒక గదిలోని గాలితో పోల్చుకుంటుంది. ఆ గదిలో మామూలు వాతావరణ ఒత్తిడి ఉండాలి. ఒకపక్క అది, ఇంకోపక్క నీటి ఒత్తిడి. కానీ గది సీలు సరిగా లేదు. మునిగి ఉన్న సబ్‌మెరైనులో గాలి ఒత్తిడి నెమ్మదిగా పెరుగుతుంది. టార్పెడోను బయటికి తోసిన గాలిని పైకి బుడగలు రాకుండా లోపలికే వదులుతారు, కొన్ని ట్యాంకుల గాలీ లోపలికే వస్తుంది, గాలి పైపులూ కొంచెం కారతాయి. ఆ పెరిగిన గాలి టార్పెడో గదిలోకి దూరింది. అప్పుడది తాను పైనే ఉన్నాననుకుని ఇంకా దిగుతుంది. ఒక మిల్లీబారుకు ఒక సెంటీమీటరు. 100 మిల్లీబార్లు పెరిగితే ఒక మీటరు. ఓడ అడుగు కిందుగా దూసుకుపోవడానికి అది చాలు.

ఒడ్డున పరీక్షల్లో ఇది దొరకకపోవడానికి కారణం, అక్కడ గాలి ఒత్తిడి పెరిగే పరిస్థితే లేదు. పైగా తప్పు ఒక్కటి కాదు. అయస్కాంత పిస్టల్ (టార్పెడోను పేల్చే పరికరం) ముందే పేలడమో పేలకపోవడమో చేసింది. తగిలితే పేలాల్సిన పిస్టల్ ఏటవాలుగా తగిలితే పేలలేదు. ఒక లోపం ఇంకో లోపాన్ని కప్పింది. గాలి సంగతి సముద్రంలో ఉన్న యూ-94 బయటపెట్టింది, 1942 జనవరిలో.

ప్రశ్న: యాభై మందికి వంట ఎక్కడ చేసేవారు? నీళ్లు సరిపోయేవా? – గృహిణి, చిత్తూరు

జవాబు: వంటవాడు ఒక్కడే. ఇద్దరు నిలబడితే చోటు చాలని వంటగది, కరెంటు పొయ్యి. బయలుదేరేటప్పుడు రొట్టెలు, మాంసం, బంగాళాదుంపలు ఎక్కడ సందుంటే అక్కడ వేలాడదీసేవారు. మరుగుదొడ్లు రెండే, అందులో ఒకటి మొదటి వారాల్లో సరుకుల గది. తేమకు రొట్టెల మీద తెల్లటి బూజు పట్టేది. ఆ బూజు చూసి వాటిని కుందేళ్లనేవారు. మంచినీళ్లు తాగడానికీ వంటకే. ఒంటికి సముద్రపు నీళ్లే. ఒకరు లేచిన పక్కలో ఇంకొకరు పడుకునేవారు.

ప్రశ్న: నేతాజీ ప్రయాణించింది ఈ రకంలోనేనా? – ఉపాధ్యాయుడు, శ్రీకాళహస్తి

జవాబు: కాదు. అది యూ-180, టైప్ 9-డి1, ఇంకా పెద్దది. 1943 ఫిబ్రవరి 9న కీల్ రేవు నుంచి బోసుతోపాటు బయలుదేరింది హైదరాబాదీ అయిన ఆబిద్ హసన్. ఏప్రిల్ చివర్లో మడగాస్కర్‌కు ఆగ్నేయంగా, లేచిపడే అలల మధ్య రబ్బరు తెప్ప మీద ఇద్దరూ జపాన్ జలాంతర్గామి ఐ-29లోకి మారారు. యూ-180లో వేగంకోసం మామూలు డీజిళ్లకు బదులు వేగ పడవల ఇంజన్లు ఆరు పెట్టారు. అవి వేడెక్కి, పొగ చిమ్మి విసిగించాయి. తర్వాత పీకేసి మామూలు డీజిళ్లు పెట్టి, సరుకులు మోసేదిగా మార్చారు.

ప్రశ్న: మద్రాసు మీద గుండ్లు వేసింది జర్మన్ సబ్‌మెరైనేనా? – సత్యవేడు

జవాబు: కాదు. ఎండెన్ అనే జర్మన్ యుద్ధనౌక. 1914 సెప్టెంబరు 22 రాత్రి, అంటే మొదటి ప్రపంచ యుద్ధంలో. కాలింది బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు.

ప్రశ్న: హిట్లర్ నావికాదళం యంత్రాన్ని ఇంత ఇష్టంగా వర్ణించడం సబబేనా? – విశ్రాంత సైనికుడు, చిత్తూరు

జవాబు: అడగవలసిన ప్రశ్నే. 1940 సెప్టెంబరు 17న సిటీ ఆఫ్ బెనారస్ అనే ప్రయాణికుల ఓడను యూ-48 ముంచింది. కెనడాకు పంపుతున్న 90 మంది పిల్లల్లో 77 మంది పోయారు. ఆ ఓడలో పనిచేసిన భారతీయ లస్కర్లూ (ఓడ పనివాళ్లు) ఎందరో పోయారు. బ్రిటిష్ సరుకు ఓడల్లో బొగ్గు వేసి, వంట చేసి, ఆ యుద్ధంలో చనిపోయిన మనవాళ్లు వేలల్లో ఉన్నారు. యూ-బోట్లలో వెళ్లిన సుమారు 40 వేల మందిలో 30 వేల దాకా తిరిగి రాలేదు. 1943 మే ఒక్క నెలలోనే 40కి పైగా యూ-బోట్లు పోయాయి. రాడార్ ఉన్న విమానం ముందు, చార్జింగ్ కోసం పైకి రాక తప్పని సబ్‌మెరైను నిలబడలేదు. ఆ రాడార్ ఎందుకు గెలిచిందో తెలియాలంటే ఆ బ్యాటరీ గురించి తెలియాలి. మేము యంత్రం గురించి రాసేది అందుకే.

ప్రశ్న: పిల్లలకు ఇలాంటిది చూపించాలంటే? – పుత్తూరు

జవాబు: టైప్ 7లో మిగిలింది ఒక్కటే, యూ-995. జర్మనీలో కీల్ దగ్గర లాబోలో ఒడ్డున నిలబెట్టారు. మనకు దగ్గరది విశాఖపట్నం ఆర్కే బీచ్‌లోని కురుసుర. 1969లో మన నౌకాదళంలో చేరిన సోవియట్ నౌక, 2002 నుంచి మ్యూజియం. పొడవు 91 మీటర్లు, టార్పెడో గొట్టాలు పది, షాఫ్టులు మూడు. పద్ధతి మాత్రం అదే, డీజిలు, బ్యాటరీ, మోటరు. లోపల నడిచేటప్పుడు గదికీ గదికీ మధ్య గుండ్రటి తలుపుల అంచున ఉన్న రబ్బరు సీలును పిల్లల చేత ముట్టించండి. ఇంజను గదిలో గాలి వాల్వు చక్రం ఎక్కడుందో వెతకమనండి. నడిచేది బ్యాటరీల పైనేనని, కాళ్ల కింద నేల పలకలు చూపించి చెప్పండి.