ఫెడరల్ జడ్జి కావాలంటే పరీక్ష రాయాలా?

ప్రశ్న: సార్, మా అన్న కూతురు అమెరికాలో లా చదువుతా ఉంది. ఫెడరల్ కోర్టులో జడ్జి అవుతా అంటోంది. మన జూనియర్ సివిల్ జడ్జి పోస్టుల మాదిరి అక్కడ కూడా పరీక్ష ఉంటుందా? ఒకసారి ఎక్కితే బతికినంత కాలం తీసేయరంట, నిజమేనా?
- ఒక పాఠకుడు, గుత్తి, అనంతపురం జిల్లా

జవాబు: పరీక్ష లేదన్నా. ఫెడరల్ కోర్టంటే రాష్ట్రాలది కాదు, అక్కడి కేంద్ర ప్రభుత్వ కోర్టు. ప్రెసిడెంట్ పేరు పంపుతాడు, సెనేట్ (వాళ్ల పార్లమెంటులో పై సభ) ఓటేసి ఒప్పుకుంటే జడ్జి అయినట్టే. లా డిగ్రీ ఉండాలని కూడా వాళ్ల రాజ్యాంగంలో లేదు, కానీ లాయరుగానో ప్రాసిక్యూటరుగానో ఏళ్ల తరబడి పేరు తెచ్చుకోనోళ్లని ఎవరూ పట్టించుకోరు. ఫెడరల్ కోర్టుల్లో కింది మెట్టు డిస్ట్రిక్ట్ కోర్టు, సాక్షుల్ని వినేది, జ్యూరీని కూర్చోబెట్టేది, శిక్ష వేసేది అక్కడి డిస్ట్రిక్ట్ జడ్జీలే, దేశం మొత్తం మీద ఇట్లాంటి డిస్ట్రిక్టులు 94 ఉన్నాయి. విడాకులు, ఆస్తి పంపకాలు మాత్రం స్టేట్ కోర్టులకే పోతాయి.

పాపకి కాన్‌స్టన్స్ బేకర్ మోట్లీ గురించి తప్పకుండా చెప్పండి. నల్లజాతి ఆడబిడ్డ, వాళ్ల నాయన యేల్ యూనివర్సిటీలో వంటమనిషి. లాయరుగా సుప్రీంకోర్టులో 10 కేసులు వాదించి 9 గెలిచింది, 1962లో జేమ్స్ మెరిడిత్ అనే నల్లజాతి విద్యార్థిని మిసిసిపీ యూనివర్సిటీలో చేర్పించింది కూడా ఆమె వాదనే. 1966లో ప్రెసిడెంట్ జాన్సన్ ఆమె పేరు పంపిస్తే అదే మిసిసిపీ సెనేటర్ ఈస్ట్‌ల్యాండ్ నెలల తరబడి ఆపినాడు, అయినా ఆగలేదు, న్యూయార్క్‌లో జడ్జి అయింది, ఆ దేశంలో ఫెడరల్ జడ్జి అయిన మొదటి నల్లజాతి మహిళ ఆమే. తర్వాత 1975లో ఆడ లాయర్లని చిన్నచూపు చూస్తున్నారని ఒక పెద్ద లా ఫర్మ్ మీద కేసు ఆమె దగ్గరికొచ్చింది, మీరూ నల్లజాతి ఆడమనిషే కాబట్టి తప్పుకోండి అని ఆ ఫర్మ్ వాళ్లు అడిగినారు. ఏ జడ్జికైనా ఒక జాతి ఉంటుంది, ఆడో మగో అయి ఉంటారు, అదే కారణమైతే ఈ కేసు వినేదానికి ఏ జడ్జీ మిగలడు అని చెప్పి ఆమె తప్పుకోలేదు. నాకైతే జడ్జికి ఉండాల్సిన గట్టిదనమంటే ఇదే.

ఆ గట్టిదనానికి ఆసరా మీరడిగిన రెండో సంగతే. నిజమే, వాళ్లకి రిటైర్మెంట్ వయసు లేదు, జీతం తగ్గించే అధికారం కూడా ఎవరికీ లేదు, తీర్పు నచ్చలేదని ప్రెసిడెంట్ కూడా పీకలేడు. మన హైకోర్టు జడ్జిలు 62కే దిగిపోవాల. అక్కడ 65 ఏళ్లు నిండి 15 ఏళ్ల సర్వీసుంటే సీనియర్ హోదా తీసుకుని పని తగ్గించుకోవచ్చు. కాన్సస్‌లో వెస్లీ బ్రౌన్ అనే ఆయన 104 ఏళ్లప్పుడు 2012లో చనిపోయినాడు, అప్పటికీ జడ్జే.

అట్లని తప్పు చేస్తే వదలరు. హౌస్ (కింది సభ) అభిశంసించి సెనేట్ దోషి అని తేలిస్తే పోస్టు పోతుంది, ఫ్లోరిడా జడ్జి ఆల్సీ హేస్టింగ్స్‌ని 1989లో అట్లనే తీసేసినారు.

మన దేశం మూలాలున్న అముల్ థాపర్ 2008లో కెంటకీలో ఫెడరల్ జడ్జి అయినాడు, కాబట్టి దారి ఉంది. సిటిజన్‌షిప్ లేకుండా మాత్రం దాదాపు జరిగే పని కాదు. చదువైనాక ఏదన్నా జడ్జి దగ్గర ఒకట్రెండేళ్లు లా క్లర్క్‌గా చేరమనండి, కేసు ఫైలు చదివి నోట్ రాసేది, తీర్పు డ్రాఫ్ట్ చేసేది అంతా వాళ్లే, ఆ చాంబర్లో నేర్చుకున్నంత క్లాసులో దొరకదు.