రేడియో కథ రాస్తున్న మా మేనల్లుడికి

ఒరే అబ్బాయ్,

విజయవాడ ఆకాశవాణి నుంచి నీకు కాంట్రాక్టు వచ్చిందని అన్నయ్య ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషం. నువ్వు వాట్సాప్‌లో పంపిన స్క్రిప్టు చదివాను. కథ బాగుంది, కానీ అది పత్రిక కథ. అచ్చులో వస్తే ఎవరూ వంక పెట్టరు, అదే మైకు ముందు చదివావంటే మాత్రం నాలుగో నిమిషానికి వినేవాళ్ళు నిన్ను వదిలేసి ఎవరి పనిలో వాళ్ళు పడిపోతారు. ఏళ్ళ తరబడి ఆ స్టూడియోకి కథలు మోసినదాన్ని కాబట్టి నాకు తెలిసింది చెప్తాను. అత్తయ్య చాదస్తం అనుకున్నా పర్వాలేదు, రికార్డింగుకి ఇంకా టైముంది కదా, కూర్చుని మార్చుకోవచ్చు.

చదివేవాడికి ఏదైనా అర్థం కాకపోతే రెండు లైన్లు పైకి వెళ్ళి చూసుకుంటాడు. వినేవాడికి ఆ వీల్లేదు, నువ్వు పలికిన మాట పోయిందంటే పోయినట్టే. పైగా ఈ రోజుల్లో చేతులు కట్టుకుని రేడియో ముందు కూర్చునేవాళ్ళు ఎవరున్నారు? ఒకావిడ చపాతీ పిండి కలుపుతూ వింటుంది, ఒకాయన కొట్లో బేరం చూసుకుంటూ వింటాడు, ఇంకో కుర్రాడు అమెరికాలో కారు నడుపుతూ ఆకాశవాణి వాళ్ళ న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో పెట్టుకుంటాడు. కుక్కరు ఒక కూత వేస్తే నీ వాక్యం ఒకటి గల్లంతు. అయినా కథ తెగకూడదు. అందుకని రేడియోకి రాయడమంటే నా లెక్కలో ముఖ్యంగా వరస చూసుకోవడమే, ఏది ముందు చెవిన పడాలి, ఏది తర్వాత పడాలి అని.

చిన్న చిన్న వాక్యాలు రాయమని నీకు ఇప్పటికే ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. నేను చెప్పను. నీ కథలో ఈ వాక్యం చూడు:

"నిన్న సాయంత్రం తెనాలి బస్సులో పక్క సీట్లో కూర్చుని కునికిపాట్లు పడుతూ తన భుజం మీద వాలిపోయిన ముసలాయన చేతిలోంచి జారిపడిన సంచిలో కనిపించిన ఫొటో గుర్తొచ్చి సుజాతకి నిద్ర పట్టలేదు."

దీనికి పొడవు వల్ల వచ్చిన చిక్కేం లేదు. వాలిపోయిన, జారిపడిన, కనిపించిన అంటూ ఒకదాని మీద ఒకటి పేర్చావు, అసలు మనిషేమో చిట్టచివర వచ్చింది. "తన భుజం" అన్నావు, ఎవరి భుజం? అది తేలేదాకా వినేవాడు బస్సునీ, ముసలాయన్నీ, సంచినీ, ఫొటోనీ అన్నిటినీ చేతుల్లో పట్టుకుని నిలబడాలి. ఎందుకు నిలబడతాడు? ఇలా చెప్పి చూడు:

"సుజాతకి నిద్ర పట్టలేదు. కళ్ళు మూసుకుంటే ఆ ఫొటోనే. నిన్న సాయంత్రం తెనాలి బస్సులో ఆమె పక్కన ఓ ముసలాయన కూర్చున్నాడు, కూర్చుని కాసేపు కిటికీలోంచి చూసి, కునికి కునికి, చివరికి ఆమె భుజం మీదే వాలిపోయాడు. చేతిలో సంచి జారి కింద పడింది. ఆ సంచిలో ఉంది ఫొటో."

మధ్యలో వాక్యం పొడుగ్గానే ఉంది చూశావా? అయినా చెవికి బరువు కాదు, ఎందుకంటే కూర్చుని, చూసి, కునికి, వాలిపోయాడు అని పని జరిగిన వరసలోనే మాట నడిచింది. మన అమ్మమ్మలు కథ చెప్పింది ఇలాగే. పొడుగు వాక్యమంటే భయపడకు, వెనక్కి నడిచే వాక్యమంటే భయపడు. "చేసిన, వచ్చిన, ఇచ్చిన" లాంటివి ఒకే వాక్యంలో రెండు దాటాయంటే పెన్సిలుతో గీత పెట్టి విడగొట్టెయ్.

ఇంకో చిక్కుంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు. మన భాషలో ఆడమనిషి వచ్చినా, బస్సు వచ్చినా, గేదె వచ్చినా, జ్వరం వచ్చినా "వచ్చింది" అనే అంటాం. నీ మూడో పేజీలో "సుజాత గుమ్మం దగ్గరికి వచ్చింది. అమ్మ ఎదురుగా నిలబడి ఉంది. ఏమీ మాట్లాడలేదు. లోపలికి వెళ్ళిపోయింది" అని ఉంది. వెళ్ళిపోయింది ఎవరు, కూతురా, తల్లా? కాగితం మీద పైకీ కిందకీ చూసి సర్దుకుంటాం. చెవికైతే మనిషిని మళ్ళీ చెప్పాల్సిందే, "అమ్మ లోపలికి వెళ్ళిపోయింది" అని. ఇద్దరు ఆడవాళ్ళున్న సీను మొత్తం ఈ కంటితో ఒకసారి చూసుకో.

సంభాషణల సంగతి. అచ్చులో అయితే కొటేషన్లు పెట్టి వరసగా ఆరు మాటలు రాసేస్తావు, చివర్లో ఎక్కడో "అన్నాడు రంగయ్య" అంటావు. రేడియోలో కొటేషను గుర్తు వినపడదు, ఆ మాట రంగయ్యదని తెలిసేసరికి మాట అయిపోయింది. ప్రతిసారీ "అప్పుడు రంగయ్య ఇలా అన్నాడు" అని మొదలుపెడితే పంచాయతీ తీర్మానం చదివినట్టుంటుంది, అదీ వద్దు. మనకి వరసలున్నాయి కదరా! "ఇంకెన్నాళ్ళు దాస్తావు వదినా?" అంటే మాట్లాడేది మరిదో ఆడపడుచో అయి ఉంటుంది, వింటున్నది పెద్ద కోడలు, ఒక్క పిలుపుతో ఇద్దరూ తెలిసిపోయారు. బాబాయ్, అక్కా, మావయ్యా, ఏమే, ఏవండీ, వీటిని మాట మొదట్లోనో మధ్యలోనో పడేస్తూ ఉంటే "అన్నాడు, అంది"లు సగం తీసెయ్యొచ్చు.

పేర్ల దగ్గర పిసినారితనం చూపించు. రమణ, రాజు, రవి, రాధిక ఒకే కథలో ఉంటే వినేవాడికి నలుగురూ ఒకటే. మొదటి అక్షరం వేరుగా ఉండాలి, పేరు పొడవు కూడా వేరుగా ఉంటే మరీ మంచిది. ఒకసారి కనిపించి పోయే మనిషికి అసలు పేరే వద్దు, కండక్టరు, టైలరు బాబాయి, ఎదురింటి మామ్మగారు చాలు. నా లెక్క ప్రకారం ఒక కథకి పేరున్న మనుషులు ముగ్గురు, మహా అయితే నలుగురు.

చెప్పిందే చెప్పకూడదని పత్రికల వాళ్ళు నీకు నేర్పారు. ఇక్కడ కొంచెం మరిచిపో. బుర్రకథ చూసే ఉంటావు, కథకుడు ఒక ముక్క చెప్పగానే పక్కనున్న వంతలు "ఏమిటీ, నిజంగానా?" అని అడుగుతారు, ఆ వంకన అతను దాన్ని మళ్ళీ చెప్తాడు, ఆలస్యంగా వచ్చి చాప మీద కూర్చున్నవాడికీ కథ అందుతుంది. రేడియోలో నీ పక్కన వంతలు ఉండరు, ఆ పనీ నువ్వే చెయ్యాలి. నీ కథకి ప్రాణం ఆ ఫొటో. అది మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి పేరు పెట్టి వినపడితేనే చివర్లో దెబ్బ తగులుతుంది. ఇప్పుడున్న స్క్రిప్టులో మొదటి పేజీలో చెప్పి మళ్ళీ ఆఖరి పేరాలో "అది" అని వదిలేశావు. ఏది?

ఆకాశవాణిలో పురాణాలు చెప్పిన ఉషశ్రీ గారి రికార్డింగులు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి, విను. ఆయన రామాయణ భారతాలు ఆదివారం మధ్యాహ్నం వచ్చేవి, వీధిలో నడిచి పోతుంటే ప్రతి ఇంట్లోంచీ అదే గొంతు, ఒక్క మాట పోకుండా ఇల్లు చేరొచ్చు. అది భక్తి వల్లే అంటారు గానీ నేను ఒప్పుకోను. ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడుతున్నట్టు చెప్పడం వల్ల. నోట్‌బుక్ పెట్టుకుని విను, ఎవరు ఎవరితో అంటున్నారో ఆయన ఎప్పుడు చెప్తున్నారు, ఎక్కడ ఆగుతున్నారు, అవి రాసుకో. గొంతు అనుకరించకు, నవ్వుతారు.

మొదటి వాక్యంలో ముఖ్యమైన సంగతి పెట్టకు. అనౌన్సరు నీ పేరూ కథ పేరూ చెప్పాక వినేవాడి చెవి నీ వైపు తిరగడానికి కాస్త సమయం పడుతుంది. అలా అని వర్షం, మబ్బులు, చల్లగాలి అంటూ అర నిమిషం లాగకు, ఆ లోపు పాటల స్టేషనుకి తిప్పేస్తారు. ఒక మనిషి, ఒక గొడవ, అంతే. సీను మారినప్పుడు నువ్వు మూడు చుక్కలు పెట్టావు, చుక్కలు వినపడవు. "మర్నాడు పొద్దున్న" అను. బ్రాకెట్లు తీసెయ్. కల, కళ లాంటి మాటల మీద కథ తిరిగితే చాలామంది నోట రెండూ ఒక్కటే అని గుర్తుపెట్టుకో.

రేడియో కథంటే రెండో రకం అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు, నీ ఫ్రెండ్ ఒకడు అలాగే అన్నాడట. బుచ్చిబాబు, గోపీచంద్ లాంటి కథకులు ఆకాశవాణిలో ఉద్యోగం చేసినవాళ్ళే. వాడికి ఆ మాట చెప్పి ఊరుకో, వాదన పెట్టుకోకు.

ఆకాశవాణికి ప్రసార నియమావళి ఒకటి ఉంది. మతాన్నో కులాన్నో కించపరిచే మాట, పార్టీని పేరు పెట్టి తిట్టడం, కోర్టు ధిక్కారం, హింసకి రెచ్చగొట్టేది, అశ్లీలం ఇవేవీ కుదరవు. నీ కథలో అవి లేవు. కానీ టూత్‌పేస్టుకీ స్కూటర్‌కీ కంపెనీ పేర్లు రాశావు, అవి ప్రచారం కిందకి వస్తాయి, నువ్వే ముందు తీసేస్తే స్టేషన్లో కార్యక్రమాలు చూసే ప్రోగ్రాం ఎగ్జిక్యూటివ్ గారికి పని తగ్గుతుంది. ఆయన ఏదైనా మార్చమంటే మొహం మాడ్చుకోకు. ఎందుకని అడుగు, చాలాసార్లు కారణం ఉంటుంది. లేకపోతే మర్యాదగా నీ మాట నువ్వు చెప్పు.

కాంట్రాక్టులో ఎన్ని నిమిషాలని ఉందో అన్ని నిమిషాలే. తర్వాత వార్తలుంటే అవి నీ కోసం ఆగవు. మనసులో చదివి టైము చూసుకుంటే లెక్క తప్పుతుంది, గొంతు విప్పి చదవాలి. నా చదువుకైతే పది నిమిషాలకి తొమ్మిది వందల మాటలు సరిపోతాయి, నువ్వు గబగబా మాట్లాడతావు కాబట్టి నీకు ఇంకొన్ని మాటలు పట్టొచ్చు, కానీ ఆ గబగబ తగ్గించుకోమనే చెప్తాను. పావు నిమిషం మిగిలేలా రాసుకో. తర్వాత ఇంట్లో కథ తెలియనివాళ్ళని, మీ అమ్మే ఉందిగా, వంటింట్లో పని చేసుకుంటుండగా పక్కన నిలబడి చదివి వినిపించు. "ఎవరూ?" అని ఎక్కడ అడిగితే అక్కడ తప్పు నీది. వివరించకు, గుర్తు పెట్టుకుని ముందుకు పో.

కాగితాలకి ఒకవైపే ప్రింటు తీయించు, అక్షరాలు పెద్దవిగా, లైన్ల మధ్య ఖాళీ ఎక్కువగా. పిన్ను కొట్టకు. పేజీ తిప్పితే ఆ గరగర మైకులో పడుతుంది, అందుకే ఒక్కో కాగితాన్నీ పక్కకి జరపాలి. వాక్యం ఒక పేజీలో మొదలై ఇంకో పేజీలో ముగియకూడదు, కింద ఖాళీ మిగిలినా సరే. ఆగాల్సిన చోట పెన్సిలుతో నిలువు గీత, పెద్దగా ఆగాల్సిన చోట రెండు గీతలు.

రికార్డింగు రోజున ఖాళీ కడుపుతో వెళ్ళకు, కడుపు చేసే చప్పుడు మైకు బ్రహ్మాండంగా పట్టుకుంటుంది. నేను గాజులు తీసి బ్యాగులో పెట్టుకునేదాన్ని, గంజి పెట్టిన చీర అసలు కట్టేదాన్ని కాదు. నువ్వు గరగరలాడే కొత్త చొక్కా వేసుకోకు. ఫోను సైలెంటులో పెడితే సరిపోదు, ఆపెయ్. మైకుకి జానెడు దూరంలో, సూటిగా కాకుండా కొంచెం పక్కగా కూర్చో, లేకపోతే ప, ఫ, భ లు పేలతాయి. తప్పు చదివితే టెన్షన్ పడకు, "సారీ" అని కూడా అనకు, ఒక క్షణం ఆగి ఆ వాక్యం మొదటి నుంచి మళ్ళీ చదువు, ఇప్పుడన్నీ కంప్యూటర్లోనే కోసి అతికిస్తారు. స్పూలు టేపుల రోజుల్లో అయితే ఇంజనీరు గారు బ్లేడు తీసేవారు.

నటించకు. ఆడవాళ్ళ మాటలకి గొంతు సన్నం చెయ్యడం, ముసలాయన మాటలకి వణికించడం, ఇవి నాటకం వాళ్ళు చేస్తే అందం. నువ్వు కథ చెప్తున్నావు, వేగం కాస్త మారితే చాలు. ఏడుపు సీను ఇంకా మామూలుగా చదువు.

పున్నమ్మతోటలో స్టేషనుకి అరగంట ముందే చేరు. కాంట్రాక్టు మీద సంతకం పెట్టి పట్టుకెళ్ళు, పాన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ జెరాక్సులు కూడా దగ్గర ఉంచుకో, పారితోషికానికి అడుగుతారు. పెద్ద మొత్తమేం కాదు, ముందే చెప్తున్నా. మార్చిన స్క్రిప్టు నాకు ఆదివారం లోపు పంపు, టైపు చేసినది కాదు, నువ్వు చదివి రికార్డు చేసిన ఆడియో పంపు. ప్రసారం తేదీ తెలిసిన వెంటనే ఫోన్ చెయ్, మా అపార్ట్‌మెంట్ గ్రూపులో నేను పెట్టాలి.

మీ అత్తయ్య