2020లో కరోనా వచ్చినప్పుడు ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ కప్ రగ్బీ పోటీ ఒక్క రౌండ్‌తోనే ఎందుకు ఆగిపోయింది? ఆ దేశపు అగ్రశ్రేణి రగ్బీ లీగ్ పోటీ ఎన్ఆర్ఎల్ మాత్రం మళ్లీ ఎలా మొదలైంది?

ముఖ్యమైన తేడా డబ్బు. ఎన్ఆర్ఎల్ కూడా 2020 మార్చి 23న రెండు రౌండ్లయ్యాక ఆగింది. కానీ దానికి టీవీ హక్కుల డబ్బుంది, ప్రేక్షకులు లేకపోయినా ఆట నడుస్తుంది. అందుకే మే 28న మళ్లీ మొదలైంది.

క్వీన్స్‌లాండ్ కప్ రాష్ట్రస్థాయి రగ్బీ లీగ్ పోటీ. ఆటగాళ్లలో చాలామందికి ఇది పార్ట్‌టైమ్. పగలు ఉద్యోగం, సాయంత్రం ప్రాక్టీసు. జట్లను నిలబెట్టేది గేటు టికెట్లు, స్థానిక స్పాన్సర్లు, జట్టుకు అనుబంధంగా ఉండే క్లబ్బులో భోజనాలు, బార్, పోకర్ మెషీన్ల (జూదం యంత్రాల) ఆదాయం. మార్చిలో ఆ క్లబ్బులకు తాళాలు పడ్డాయి, రాబడి ఒక్కసారిగా పోయింది. పైగా మొత్తం 14 జట్లు. ఉత్తరాన కైర్న్స్ నుంచి న్యూ సౌత్ వేల్స్ సరిహద్దులోని ట్వీడ్ హెడ్స్ దాకా ప్రయాణాలు.

అన్నిటికంటే కష్టం పాపువా న్యూ గినీ హంటర్స్‌ది. వాళ్ల సొంతూరు పోర్ట్ మోర్స్‌బీ, అంటే వేరే దేశం. సరిహద్దులు మూస్తే ఆడేదెక్కడ? 2017లో కప్పు గెలిచిన జట్టు అది. 2021లో పోటీ తిరిగి మొదలైనప్పుడు ఆటగాళ్లు ఇల్లూవాకిలీ వదిలి గోల్డ్ కోస్ట్‌లో మకాం పెట్టి ఆడారు. ఆ త్యాగాన్ని తగినంతగా గుర్తించలేదనే నా బాధ.

అలా 2020 మార్చి నెలాఖరుకల్లా ఆ ఏటి సీజన్ రద్దయింది. 1996లో పోటీ పుట్టాక విజేత లేని ఏడాది అదే మొదటిది.