ప్రశ్న–జవాబు: గుర్రం చిప్, మందుల చిట్టా

ప్రశ్న: మా గుర్రానికి గుర్తింపు నంబరుండే చిప్ ఒంట్లోకి వేయించి మూడేళ్లయింది. కొనడానికి వచ్చినవాళ్ల డాక్టరు స్కాన్ చేస్తే నంబరు రాలేదు. చిప్ పాడైనట్టేనా?

జవాబు: చిప్ పాడవడం అరుదు. అందులో బ్యాటరీ ఉండదు. దగ్గరికి తెచ్చిన స్కానర్ తరంగాలతోనే శక్తి పుంజుకుని నంబరు చెబుతుంది. కాబట్టి ముందు స్కానర్‌ని అనుమానించండి. ఐఎస్ఓ అనే అంతర్జాతీయ సంస్థ 11784, 11785 ప్రమాణాల చిప్ 134.2 కిలోహెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. 125 కిలోహెర్ట్జ్‌కే పనికొచ్చే పాత స్కానర్‌తో ఎంత వెతికినా అది దొరకదు.

తర్వాత వెతికే తీరు. మామూలుగా చిప్‌ను మెడకు ఎడమవైపు, చెవుల వెనక మిట్టకూ మూపుకూ నడుమ, జూలు మొదలుకు కాస్త కింద, న్యూకల్ లిగమెంట్ అనే గట్టి పట్టీలోకి దించుతారు. గుర్రాన్ని ఇనప గేటుకు దూరంగా నిలబెట్టి, స్కానర్‌ని చర్మానికి ఆనించి నెమ్మదిగా జరపాలి. చెయ్యి వేగంగా తిప్పితే చిప్ తప్పిపోతుంది. ఎడమవైపు దొరక్కపోతే కుడివైపు, ఆపైన మెడంతా చూడాలి. ఇంకో స్కానర్‌తో కూడా రాకపోతేనే కొత్తది వేయించండి. తొందరపడి వేయిస్తే రేపెప్పుడో పాతది పలుకుతుంది. ఒకే గుర్రానికి రెండు నంబర్లు! ఒకవేళ కొత్తది వేయక తప్పకపోతే, చిప్ నంబర్లు నమోదు చేసే రిజిస్టర్‌లో పాత నంబరు పక్కనే కొత్తది రాయించాలి.

చిప్ వేసిన రోజునే జారిపోవడమూ ఉంది. సూది తీయగానే రంధ్రం మీద బొటనవేలు నొక్కి పట్టకపోతే రక్తంతోపాటు బయటికొచ్చేయగలదు. అందుకే మూడుసార్లు స్కాన్ చేయాలి: పాత చిప్ ఉందేమోనని మెడను, నంబరు సరిపోతోందా అని ప్యాకెట్‌ను, సూది తీశాక మళ్లీ మెడను. ఆ తర్వాతే గుర్రం పాస్‌పోర్ట్‌లో, అంటే దాని గుర్తింపు పుస్తకంలో, చిప్ నంబరు స్టిక్కర్ అంటించాలి.

ప్రశ్న: డాక్టరుగారు చిప్ వేయమంటే వెంటనే వేస్తారు. టీకాలు, మందులు ఆన్‌లైన్‌లో ఎక్కించమంటే మాత్రం మాట దాటేస్తారు. ఎందుకండీ?

జవాబు: బద్ధకం అనుకోకండి. చిప్ ఒక్కసారితో అయిపోయే పని, చిట్టా రాయడం గుర్రం బతికున్నంతకాలం ఉండే పని. తన సొంత రికార్డులో ఒకసారి, పాస్‌పోర్ట్‌లో ఒకసారి, ఆన్‌లైన్‌లో మరోసారి రాయాలి. చిప్ నంబరులోని 15 అంకెల్లో ఒక్కటి తారుమారైతే మందు వేరే గుర్రం ఖాతాలో పడుతుంది. యజమాని చెప్పుకున్న జబ్బు సంగతి కొనేవాడి కంట పడుతుందేమోనన్న జంకూ ఉంటుంది. ఈ అభ్యంతరాలు న్యాయమైనవే.

కానీ ఫినైల్‌బ్యుటజోన్ అనే నొప్పి మందు లాంటివాటి విషయంలో ఆ సాకులు చెల్లవు. యూరోపియన్ యూనియన్‌లో ఫినైల్‌బ్యుటజోన్ పడిన గుర్రం మాంసం మనుషుల ఆహారంలోకి రాకూడదు. పాస్‌పోర్ట్‌లో ఆ మేరకు సంతకం చేయాలి. 2013లో గొడ్డు మాంసం పేరుతో గుర్రం మాంసం అమ్మిన బాగోతం బయటపడ్డాక వచ్చిన 2015/262 నియమావళి, ప్రతి సభ్యదేశానికీ కేంద్ర డేటాబేస్ తప్పనిసరి చేసింది. పోటీల్లోనూ అంతే. అంతర్జాతీయ ఈక్వెస్ట్రియన్ సమాఖ్య నిబంధన ప్రకారం గడిచిన 6 నెలల 21 రోజుల్లోపు ఫ్లూ టీకా పడి ఉండాలి, పోటీ స్థలానికి రావడానికి ముందు 7 రోజుల్లో మాత్రం వేయకూడదు. టీకా తేదీ 3-4 అని రాస్తే మూడో నెలో, నాలుగో నెలో ఎవరికి తెలుస్తుంది? నెలను అక్షరాల్లో రాయించండి.

డాక్టరుగారి పని మీరూ కొంత తగ్గించవచ్చు. పాస్‌పోర్ట్ ఆయన రాకముందే బయట పెట్టండి. నంబరు చేత్తో కొట్టించకుండా, స్కానర్ నుంచి ఫోన్‌కి బ్లూటూత్‌లో తెప్పించుకోవచ్చు. టీకా సీసా మీది బ్యాచ్ నంబరు ఫొటో తీసి ఉంచండి. తేదీ, మందు పేరు, మోతాదు, ఎక్కడ ఇచ్చారు, ఎవరిచ్చారు: ఇవన్నీ గుర్రం పక్కనే నిలబడి రాయించుకోండి. సాయంత్రానికి వాయిదా వేస్తే సగం మరిచిపోతారు.

ప్రశ్న: గుర్రం తప్పిపోతే చిప్‌తో ఎక్కడుందో కనుక్కోవచ్చా?

జవాబు: కుదరదు. చిప్‌లో జీపీఎస్ లేదు, కొన్ని సెంటీమీటర్ల దూరం నుంచే పలుకుతుంది. గుర్రం దొరికినవాళ్లు స్కాన్ చేస్తేనే ప్రయోజనం; అదీ రిజిస్టర్‌లో మీ ఫోన్ నంబరు ఇప్పటిదైతేనే.