అంత వేగమైన కామ్ మెమరీ ఫోన్లలో ఎందుకు పెట్టరు?

ప్రశ్న: కంప్యూటర్లను కలిపే నెట్‌వర్క్ స్విచ్‌లో కామ్ టేబుల్ ఉంటుందని, జాబితా ఎంత పెద్దదైనా ఒక్క దెబ్బలో వెతికేస్తుందని ల్యాబ్‌లో మా సార్ చెప్పారు. అంత మంచిదైతే ఫోన్లలో ర్యామ్ బదులు అదే పెట్టేయొచ్చు కదా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, నరసరావుపేట

జవాబు: మీ ఫోన్లోనూ ఉందండీ, కాకపోతే చాలా చిన్నది. ప్రాసెసర్ లోపల టీఎల్‌బీ అని, మెమరీ చిరునామాలను మార్చి చెప్పే చిన్న పట్టిక ఒకటి ఉంటుంది, అందులో కొన్ని పదుల వరసలు ఇలాగే పనిచేస్తాయి. అంతకు మించి పెట్టకపోవడానికి కారణం కరెంటు, ఖర్చు.

ర్యామ్‌కి చిరునామా ఇస్తే అక్కడున్న డేటా ఇస్తుంది. కామ్‌కి (కంటెంట్ అడ్రెసబుల్ మెమరీ) డేటా ఇస్తే అది ఎక్కడుందో చెబుతుంది, నిండు బస్సులో కండక్టర్ సీటు సీటుకీ తిరక్కుండా "ఈ సంచీ ఎవరిదండీ" అని ఒక్క కేక వేసినట్టు. దానికోసం ప్రతి బిట్ పక్కనా పోల్చి చూసే సర్క్యూట్ కావాలి. ఎస్‌ర్యామ్ అనే వేగమైన ర్యామ్‌లో బిట్‌కి 6 ట్రాన్సిస్టర్లు చాలు, రౌటర్లలో వాడే టీకామ్ అనే కామ్ రకంలో మామూలుగా 16 పడతాయి. అసలు బాధ కరెంటుతో, దాంతో వచ్చే వేడితో. వెతికే ముందు ప్రతి వరసలోని మ్యాచ్‌లైన్‌ని, అంటే ఆ వరస కలిసిందో లేదో చెప్పే తీగని, చార్జ్ చేస్తారు, ఒక్క బిట్ తేడా వచ్చినా ఆ చార్జ్ మొత్తం పోతుంది. ఎప్పుడూ కలవని వరసలే ఎక్కువ కాబట్టి వెతికిన ప్రతిసారీ దాదాపు అన్నీ ఖాళీ అయి, మళ్లీ నిండాలి!

అయినా రౌటర్లకి అది తప్పదు. ఏ చిరునామాకి వెళ్లే డేటాని ఎటు పంపాలో చెప్పే రూట్లలో "మొదటి 16 బిట్లు కలిస్తే చాలు, మిగతావి ఏవైనా ఫరవాలేదు" అనేవి ఉంటాయి. 0, 1 కాక "ఏదైనా సరే" అనే మూడో స్థితిని టీకామ్ దాచుకోగలదు, పొడవైన రూట్లను పైన పెడితే ముందు కలిసిందే సరైన జవాబు. కానీ చోటు తక్కువ. 2014 ఆగస్టు 12న ఇంటర్నెట్ రూట్ల జాబితా 5,12,000 దాటేసరికి, టీకామ్‌లో ఐపీవీ4 (పాత తరం ఇంటర్నెట్ చిరునామాలు) రూట్లకి అంతే చోటు కేటాయించిన పాత రౌటర్లు కొన్ని తడబడ్డాయి, చాలాచోట్ల నెట్ నెమ్మదించింది. మామూలు మెమరీ ఖాళీగా ఉన్నా లాభం లేకపోయింది, టీకామ్‌లో పట్టని రూట్ల భారం సాఫ్ట్‌వేర్ మీద పడితే ఆ వేగం అందుకోలేదు. కొత్త తరం ఐపీవీ6కి కేటాయించిన చోటు తగ్గించి ఐపీవీ4కి ఇచ్చి, రౌటర్ రీబూట్ చేసుకోవాల్సి వచ్చింది.

మీ ల్యాబ్ స్విచ్ సంగతి వేరు. కామ్ టేబుల్ అనే పేరు అలాగే ఉండిపోయింది గానీ, అందులో వెతికేది మ్యాక్ అడ్రస్‌ని, అంటే ప్రతి పరికరానికీ ఉండే నెట్‌వర్క్ గుర్తింపు సంఖ్యని. దాని 48 బిట్లూ కచ్చితంగా కలవాలి కాబట్టి హ్యాష్, అంటే ఆ సంఖ్య నుంచే వెతకాల్సిన చోటు లెక్కగట్టే పద్ధతి, సరిపోతుంది. అందుకే ఇప్పటి చాలా స్విచ్‌లు దాన్ని మామూలు ఎస్‌ర్యామ్‌లోనే వెతుకుతాయి.